మా వ్యాన్‌కి బస్సు బొమ్మ

మా మనవరాలి చేతికి కట్టు విప్పిన రోజు సంగతి ఇది.

ఉయ్యాల మీంచి పడి మోచేతి దగ్గర ఎముక విరగ్గొట్టుకుంది. సిమెంటు కట్టు వేశారు. నెలన్నర ఆ బరువు మోసింది. మోస్తూనే దాని మీద పువ్వులు గీసుకుంది, బళ్లో పిల్లలందరి చేతా సంతకాలు పెట్టించుకుంది, ఎవరైనా వెక్కిరిస్తే దాంతోనే ఒకటిచ్చింది. అంత ధైర్యవంతురాలూ, కట్లు కోసే అతను చిన్న రంపం పట్టుకుని వచ్చేసరికి నా చంకలో దూరింది. అతను నవ్వి, తిరుగుతున్న రంపాన్ని తన అరచేతికి ఆన్చి చూపించాడు. గట్టిగా ఉన్నదాన్నే కోస్తుందట, మెత్తని చర్మాన్ని ఏమీ చెయ్యదట. నేను ముక్కున వేలేసుకున్నాను. రంపానికి కూడా ఎదుటివాళ్లెవరో చూసి మసలుకునే తెలివి వచ్చిందన్నమాట.

కట్టులోంచి బయటపడ్డ చెయ్యి చూస్తే ప్రాణం ఉసూరుమంది. తొక్క తీసిన వెల్లుల్లి రెబ్బలా తెల్లగా, సన్నగా ఉంది. ముక్కిపోయిన వాసన. డాక్టరమ్మ తన పెన్ను ఇచ్చి పట్టుకోమంటే వేళ్లలోంచి జారి కిందపడింది. కొన్నాళ్లు అంతేనట. పట్టు వచ్చేదాకా దేన్నీ పట్టుకుని వేలాడకూడదు, బలంగా లాగకూడదు అని మరీ మరీ చెప్పింది. పాప బుద్ధిగా తలూపింది. గది దాటగానే తలుపు గడియ పట్టుకుని లాగి చూసింది. రాలేదు. నా వైపు చూసి సిగ్గుపడింది.

బయట మా అల్లుడు వ్యాన్‌లో కాచుకుని ఉన్నాడు. అతను బట్టల ఫ్యాక్టరీకి షిఫ్టు ఆడవాళ్లను తీసుకెళ్లి, తీసుకొచ్చే పని చేస్తాడు. ఒక షిఫ్టు దింపి ఇంకో షిఫ్టు ఎక్కించుకునేలోగా మా పని పెట్టుకున్నాడు. మా అమ్మాయికి అంగడిలో సెలవు దొరకలేదు, అందుకని పాపతో నేను వచ్చాను.

ఆ వ్యాన్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. డ్రైవరు పక్క సీట్లో స్టెప్నీ టైరు కూర్చుంటుంది, మాకన్నా దర్జాగా. వెనక మూడు వరసల సీట్లు. వాటికి బెల్టులుండేవట, నేను చూసిన పాపాన పోలేదు. ఎక్కే తలుపు ఎడమవైపు ఉంటుంది, పక్కకు జరిగే రకం. బండి కదులుతున్నంతసేపూ బిగిసే ఉంటుంది కానీ, ఆగిందంటే ఒక్కోసారి తనంతట తనే జారి తెరుచుకుంటుంది. బాగు చేయించమని అమ్మాయి పోరని రోజు లేదు. చేయిస్తాలే అన్న మాట మా అల్లుడి నోట్లోనే పుట్టి అక్కడే పెరిగి పెద్దదైంది.

నేను కుడివైపు కిటికీ పక్కన కూర్చున్నాను. పాప నన్ను ఆనుకుని కూర్చుంది. దాని పక్కన తలుపు దాకా సీటు ఖాళీ. వెనక రెండు వరసలూ ఖాళీయే.

పొద్దు వాలుతోంది. చలికాలపు సాయంత్రాలు తెలుసు కదా, ఇంకా చాలా పొద్దుందనుకుంటూ ఉండగానే చేతిలోంచి జారిపోతాయి. దారి పొడుగునా మా అల్లుడు కొత్త కెమెరాల మీద కడుపుమంట వెళ్లగక్కుతూనే ఉన్నాడు. రోడ్డు పక్కన బోర్డు మీద ఎనభై అని రాసి ఉంటే ఎనభైకి లోపలే నడిపాడట. అయినా పట్టుకుందట. ఎందుకయ్యా అంటే ఎనభై కార్లకు. పనివాళ్లను ఎక్కించుకునే వ్యాన్‌కి డెబ్భై. బస్సుకు అరవై, లారీకి ఇంకా తక్కువ. పక్కింటాయన ఇలాంటి బండినే సొంతానికి పెట్టుకుని అదే రోడ్డు మీద అదే వేగంతో పోతే కెమెరా కన్నెత్తి చూడదట. అలా ఇప్పటికే రెండుసార్లు దొరికాడు. ఇంకొక్కసారి దొరికితే ఏడాది పాటు లైసెన్సు తీసేసుకుంటారు. లైసెన్సు లేకపోతే వ్యాన్ ఇంటిముందు దిష్టిబొమ్మలా నిలబడుతుంది. మా అమ్మాయి ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ చక్రాల మీదే.

నేను ఊరుకోలేక, ఏనుగు నడకా ఎలుక నడకా ఒకటెలా అవుతుంది బాబూ, బరువైన బండి ఆగాలంటే ఎక్కువ దూరం పడుతుంది కదా, అందుకే పెట్టి ఉంటారు అన్నాను. మీరూ వాళ్ల పార్టీయేనా అత్తగారూ అని నిష్ఠూరమాడాడు.

కానీ ఏ బండి ఏదో ఆ కెమెరాకెలా తెలుస్తుందని అడిగాను. నాకు నిజంగానే వింతగా ఉంది. పొడుగు, ఎత్తు కొలుస్తుందట. నంబరు చూస్తుందట. అద్దాల్లోంచి తలలు కూడా లెక్కపెడుతుందట. బస్సులో జనం నిలబడి ఉంటే ఇంకా మెల్లగా పొమ్మంటుందట, పడిపోతారు కనుక. నాకా మాట నచ్చింది. నేను మిల్లుకు వెళ్లే రోజుల్లో నిలబడ్డవాళ్ల గురించి అంత ఆలోచన చేసిన మహానుభావుడు ఒక్కడూ లేడు.

అలా మాట్లాడుకుంటూ పొడుగు వంతెన దగ్గరికి వచ్చాం.

ఆ వంతెన పెద్ద నీళ్ల మీద కట్టింది. ఎక్కామంటే అవతలి ఒడ్డు దాకా దిగే దారి లేదు, వెనక్కి తిరిగే చోటు లేదు, మధ్యలో ఆగకూడదు. మొదట్లో ఎర్రలైటు పడింది, ఆగాం. నీళ్ల మీంచి పొగమంచు లేచి రోడ్డు మీదికి పాకుతోంది. ముందు బండి లేదు, వెనక బండి లేదు.

అప్పుడు తలుపు జారింది. మెల్లగా, చప్పుడు లేకుండా, పూర్తిగా తెరుచుకుంది. చల్లగాలి లోపలికి వచ్చింది. పాప ఉలిక్కిపడి నన్ను కరుచుకుంది. దాన్ని నవ్విద్దామని నాకు బుద్ధి పుట్టింది. మిల్లు బస్సులో ఇరవై ఏళ్లు అన్న మాటే నోటికి వచ్చింది. కాస్త జరిగి, సీటు తట్టి, ఖాళీ రోడ్డు వైపు చూసి అన్నాను.

"రండమ్మా, రండి. సర్దుకుంటే అందరికీ చోటే."

పాప కిలకిలా నవ్వింది. మా అల్లుడూ నవ్వాడు, టికెట్టు కొట్టమంటారా అని. పచ్చలైటు పడింది. బండి కదిలింది. తలుపు దానంతటదే జారి మూసుకుంది. అదెప్పుడూ తెరుచుకోవడమే గానీ తనంతట తను మూసుకోవడం నేను చూడలేదు. ఆ మాట అప్పుడు తట్టలేదు.

వంతెన మీద కొంత దూరానికొక ఇనుప కమాను. కమాను మీద కెమెరా, పక్కన నల్లటి బోర్డు. బండి దగ్గరికి రాగానే బోర్డు మీద ఆ బండి బొమ్మ వెలుగుతుంది, దాని పక్కన అది పోదగ్గ వేగం, కింద చిన్నగా అది పోతున్న వేగం. నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. అందుకేనేమో బోర్డు కనిపిస్తే చదవకుండా ఉండలేను. మొదటి కమాను దగ్గర వ్యాన్ బొమ్మ, డెబ్భై. కింద అరవై నాలుగు. చూశావా నీ బొమ్మ ఎంత బాగా వేసిందో అన్నాను. మా అల్లుడు బోర్డుకు నమస్కారం పెట్టినట్టు తల వంచాడు.

రెండో కమాను దగ్గర బస్సు బొమ్మ వెలిగింది. అరవై.

వెనక బస్సు వస్తోందేమోనని తిరిగి చూశాను. తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు. దీని కన్ను మసకేసినట్టుంది అని మా అల్లుడు గొణుక్కున్నాడు. అయినా వేగం తగ్గించాడు. రేపు నాది వ్యాన్ మహాప్రభో అని మొత్తుకుంటే వినేదెవరు, అది బస్సంటే బస్సే అన్నాడు. ఆ మాటా నిజమే.

బండి బరువెక్కింది. మొదట ఇంజను మూలిగింది. వెనక చక్రాల దగ్గర కిర్రుమంది. షిఫ్టు మొత్తం ఎక్కినప్పుడు ఇలా కూర్చుండిపోతుంది అన్నాడు మా అల్లుడు, తనలో తను అనుకుంటున్నట్టు. లోపల వాసన మారింది. ముందు పాప చేతి వాసనే అనుకున్నాను. కాదు. తడిసిన గోనెసంచులు ఎన్నాళ్లో మూల పడేస్తే వచ్చే వాసన. చలి కాదు, వేడీ కాదు. పదిమంది ఒకచోట ఊపిరి పీలిస్తే ఉంటుందే, ఆ ఉక్క.

కిటికీ అద్దం కొంగుతో తుడుచుకున్నాను. అప్పుడు వెనక అద్దాల వైపు చూపు పోయింది.

ఖాళీ సీట్లు. ఒక్కో సీటు పక్కన అద్దం మీద గుండ్రంగా ఆవిరి. మనిషి మొహం ఎంత ఎత్తులో ఉంటుందో సరిగ్గా అంత ఎత్తులో. గుండ్రం చిన్నదవుతోంది, పెద్దదవుతోంది. చిన్నది… పెద్దది…

నేను ముందుకు తిరిగి కూర్చున్నాను. మళ్లీ వెనక్కి చూడలేదు.

"అమ్మమ్మా" అని గుసగుసగా పిలిచింది పాప. "నన్ను జరగమంటున్నారు."

ఎవరే అన్నాను.

"నీ పక్కావిడ."

నా పక్కనున్నది అదే కదా. ఆ మాట అందామని చూస్తే నాకూ దానికీ మధ్య జానెడు ఎడం ఉంది. అది ఎప్పుడు జరిగిందో నాకు తెలియదు. నన్ను కరుచుకుని కూర్చున్న పిల్ల. దగ్గరికి రామ్మా అని చెయ్యి చాచాను. చెయ్యి పోలేదు. ఏదో అడ్డం ఉంది. గట్టిగా లేదు, గోడలా లేదు. కిక్కిరిసిన బస్సులో ఇద్దరి మధ్యలోంచి చెయ్యి దూర్చబోతే ఎలా ఉంటుంది… అలా. తడి బట్టకు తగిలినట్టు మోచెయ్యి చల్లబడింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

మూడో కమాను. బస్సు బొమ్మ. ఈసారి బస్సు లోపల పుల్లల్లాంటి చిన్న మనుషులు, నిలబడి. నలభై.

మా అల్లుడు నలభైకి దించాడు. వెనక చూసే అద్దంలోకి తలెత్తి, పాపను దగ్గరకు తీసుకోండి అత్తగారూ, అంత దూరం దూరంగా కూర్చున్నారేం అన్నాడు. అద్దంలో అతనికి మేమిద్దరమే కనిపిస్తున్నాం. ఈ కొసన నేను, ఆ కొసన పాప, మధ్యలో ఖాళీ. ఏం చెప్పను? చెబితే స్టీరింగు పక్కకు పోతుంది. ఆ పక్కా నీళ్లు, ఈ పక్కా నీళ్లు.

లేచి నిలబడదామనుకున్నాను. మోకాళ్లు కదలలేదు. ఎదుటి సీటుకూ నా మోకాళ్లకూ మధ్య ఎవరో నిలబడ్డట్టు… నా కాళ్ల మీద వాళ్ల కాళ్ల ఒత్తిడి. నా భుజానికి ఒక నడుము ఆనింది. నెత్తి మీద ఎవరి చెయ్యో కడ్డీ పట్టుకుని ఊగుతున్నట్టు గాలి కదులుతోంది. ఇరవై ఏళ్లు మిల్లు బస్సులో ఇలాగే నలిగాను. ఆ నలుగుడు నా ఒంటికి తెలుసు. తెలియడమే భయంగా ఉంది. కళ్లకు ఒక్కరూ లేరు.

పాప ఇంకాస్త జరిగింది. ఇప్పుడది తలుపును ఆనుకుని ఉంది.

"జరగడానికి ఇంక చోటు లేదండీ" అని ఎవరికో చెబుతోంది, మర్యాదగా. పెద్దవాళ్లతో అలా మాట్లాడాలని దానికి నేనే నేర్పాను.

నాలుగో కమాను. అదే బస్సు. అవే నిలబడ్డ మనుషులు, ఈసారి ఒకరి మీద ఒకరుగా నల్లగా కలిసిపోయి ఉన్నారు. ఇరవై.

మా అల్లుడి మెడ మీద చెమట మెరుస్తోంది. కొంతసేపటికి, నేను బ్రేకు వెయ్యలేదు అత్తగారూ, బండే తగ్గుతోంది అని సన్నగా చెప్పాడు. ఏమిటి లోపల అని అడగలేదు. అడగలేదంటే అతనికీ తెలిసిందన్నమాట. డ్రైవరుకు వెనక ఎంత బరువుందో చూడక్కర్లేదు, కాలికి తెలుస్తుంది.

వంతెన అంచున ఇనుప కటకటాలు మెల్లమెల్లగా వెనక్కి పోతున్నాయి. అన్నీ తుప్పు రంగు. ముందు ఒకచోట మాత్రం, ఏదో గుద్దుకుని విరిగితే మళ్లీ వేసినట్టు, కొంత మేర కొత్త ఇనుము, తెల్లగా. ఆ తెల్ల కటకటాల ఎదురుగానే తర్వాతి కమాను.

దూరం నుంచే దాని బోర్డు వెలిగింది. బస్సు. దాని పక్కన సున్నా.

చదవడం తప్పేమోనని మళ్లీ చదివాను. సున్నా. ఈ బండి ఇక్కడ ఎంత వేగంతో పోవచ్చు అంటే అసలు పోకూడదు. ఆగాలి.

నా చుట్టూ కదలిక మొదలైంది. నా కాళ్ల మీద ఒత్తిడి మళ్లింది. భుజానికి ఆనిన నడుము తిరిగింది. దిగేచోటు వచ్చేముందు బస్సులో జనం ఎలా కదులుతారో తెలుసు కదా, సంచీ సర్దుకుని, ముందువాళ్లను కాస్త తోసి, తలుపు వైపు… అందరూ తలుపు వైపు.

తలుపు దగ్గర మా పిల్ల.

బండి ఆగితే తలుపు తెరుచుకుంటుంది. తెరుచుకుంటే వీళ్లంతా దిగుతారు. దిగేవాళ్ల తోపులో ముందున్నవాళ్లు ఆగడమంటూ ఉండదు. పట్టుకోవడానికి దానికున్నది తొక్క తీసిన వెల్లుల్లి రెబ్బలాంటి ఆ చెయ్యి. గడియ కూడా లాగలేని చెయ్యి. రెండో చెయ్యి ఎవరో పట్టుకున్నట్టు అటుపక్కకు సాగి ఉంది.

"అమ్మమ్మా…" అంది. అంతే.

బండి నడక కన్నా మెల్లగా పోతోంది. మా అల్లుడి కాలు బ్రేకు మీదికి వెళ్లింది. అద్దంలో అతని కళ్లు చూశాను. బోర్డును చూస్తున్నాయి, సున్నాను చూస్తున్నాయి. ఇంకొక్కసారి దొరికితే ఏమవుతుందో ఆ కళ్లలో ఉంది.

"బాబూ" అన్నాను. "ఆపకు."

"సున్నా అంటోంది అత్తగారూ."

"అననీ."

"లైసెన్సు…"

"పోనీ. నేను మళ్లీ మిల్లుకు పోతాను, అంట్లు తోముతాను, నీ ఇంట్లో పొయ్యి ఆరనివ్వను. పాప తలుపు దగ్గరుంది నాయనా. తొక్కు."

ఒక్క క్షణం. ఆ క్షణంలో తలుపు అంచున వెలుగు సన్నటి గీతలా కనిపించింది. జారడం మొదలైంది.

అతను తొక్కాడు.

ఇంజను ఏడ్చింది. బండి కదలనంది. మళ్లీ తొక్కాడు. ఒక్క ఊపుతో ముందుకు దూకింది. కమాను కిందికి వచ్చేసరికి కెమెరా మెరిసింది. తెల్లటి మెరుపు, లోపలంతా.

ఆ మెరుపులో చూశాను. చూడకుండా కళ్లు మూసుకుని ఉంటే బాగుండేది.

వీపులు. అన్నీ వీపులే. సీట్ల మధ్య, సీట్ల మీద, కప్పు దాకా. అందరూ తలుపు వైపు తిరిగి నిలబడ్డారు. తడి జుట్లు మెడలకు అంటుకుని ఉన్నాయి. నాకు దగ్గరగా ఉన్న ఒకావిడ మాత్రం తల తిప్పి నన్ను చూస్తోంది. కోపం లేదు ఆ మొహంలో. తన స్టాపు దాటిపోతుంటే మనిషి చూస్తుందే… కండక్టరు వైపు… అలా చూసింది.

చీకటి. తర్వాతి కమాను. మళ్లీ మెరుపు. ఈసారి అన్ని మొహాలూ నా వైపు తిరిగి ఉన్నాయి.

తర్వాతి మెరుపులకు నేను కళ్లు తెరవలేదు. రెప్పల మీద ఎర్రగా తగులుతూనే ఉన్నాయి. నా చెయ్యి మాత్రం వాళ్ల మధ్యలోంచి తోసుకుంటూ, తోసుకుంటూ పోయింది. వేళ్లకు ఏవో తగిలాయి, చల్లటి వేళ్లు, తడి గుడ్డ. చివరికి ఒక సన్నటి చెయ్యి దొరికింది. ముక్కిన వాసన. మా పిల్ల చెయ్యి. పట్టుకుని నా వైపు లాక్కున్నాను. డాక్టరమ్మ లాగొద్దన్న సంగతి అప్పుడెవరికి గుర్తుంటుంది? అది నా ఒళ్లో పడింది.

వంతెన దిగాం. దీపాలు, దుకాణాలు, సైకిలు తొక్కుతున్న మనిషి, కుక్క. మా అల్లుడు ఇంటి దాకా ఎక్కడా ఆపలేదు. ఇంటిముందు ఆపాడు. తలుపు జారి తెరుచుకుంది. నేను పాపను ఎత్తుకుని దిగాను. నేను దిగిన తర్వాత బండి ఒక్కసారి పైకి లేచింది, మూటలు దింపిన బండిలా. మా అల్లుడు దాన్ని చూశాడు, నన్ను చూశాడు. లోపలికి వెళ్లి చన్నీళ్లతో మొహం కడుక్కున్నాడు. ఆ రాత్రి షిఫ్టు వాళ్ల కోసం స్నేహితుడి బండి పంపాడు. మర్నాడు పొద్దున్నే వెళ్లి తలుపు బాగు చేయించాడు.

లైసెన్సు పోలేదు. రోజూ ఎదురుచూశాం, ఏ నోటీసూ రాలేదు. అన్ని మెరుపులు మెరిసిన కెమెరాకు మా వ్యాన్ ఎందుకు కనబడలేదో అతను అడగడు, నేనూ అనను. అమ్మాయికి మేమిద్దరం ఏమీ చెప్పలేదు. చెబితే పిల్లను గడప దాటనివ్వదు. పాప చేతికి మెల్లగా కండ పట్టింది, పెన్సిలు పట్టుకుంటోంది, మళ్లీ ఉయ్యాల ఎక్కుతానంటోంది. ఆ సాయంత్రం గురించి ఒక్కసారే మాట్లాడింది. ఆవిడ చెయ్యి చల్లగా ఉందమ్మమ్మా, కానీ మంచావిడే అంది. అన్నం తింటూ అంది.

వ్యాన్ ఇప్పుడు తేలికగానే పోతోందట. అతనికి ఆ బాధ తీరింది.

నేను మాత్రం ఆ బండి ఎక్కను. మోకాళ్లకు నడక మంచిదని చెప్పాను. అమ్మాయి వాళ్లు ఉండే భవనంలో లిఫ్టు ఉంది. నేనొక్కదాన్నే ఎక్కినా అది కీచుమని అరుస్తుంది, బరువు ఎక్కువైందని, కొందరు దిగమని. అమ్మాయి పగలబడి నవ్వింది, నాకు తెలియకుండా ఏం తింటున్నావే అమ్మా అని. నేనూ నవ్వాను. మెట్లెక్కి పోతున్నాను. ఎక్కుతుంటే వెనక మెట్ల మీద చప్పుడేమీ ఉండదు. భుజాలు మాత్రం లాగేస్తాయి, ఎవరినో మోస్తున్నట్టు. మోస్తే మోశాను, రమ్మన్నది నేనే. పిల్ల జోలికి పోకుండా నాతోనే ఉంటే చాలని రోజూ మనసులో వాళ్లకు చెప్పుకుంటాను. అందుకే బడి నుంచి తీసుకొచ్చేటప్పుడు కూడా దాని చెయ్యి పట్టుకోను. అది ముందు, నేను వెనక, మధ్య కాస్త ఎడం.

మొన్న బడి వీధి మొదట్లో కూడా ఒక బోర్డు పెట్టారు. వంతెన మీద ఉన్నటువంటిదే. వచ్చే బండి బొమ్మ, దాని వేగం. నడిచేవాళ్లకు వెలగదు. పాప దాని ముందు గెంతింది, చేతులూపింది, నాలుక చాపి వెక్కిరించింది. నల్లగానే ఉంది. మనం బండ్లం కాదుగా అమ్మమ్మా అని నవ్వి ముందుకు నడిచింది.

నేను బోర్డు ముందుకు వచ్చాను.

వెలిగింది. బస్సు. లోపల నిలబడ్డ మనుషులు. ఇరవై. కింద చిన్న అంకె, నా నడక, మూడు.

వెనక్కి చూశాను. వీధిలో ఒక్క బండి కూడా లేదు. ఉన్నచోటే ఆగిపోయాను. ఊపిరి కూడా బిగబట్టాను. నేను ఆగితే ఆ చిన్న అంకె సున్నా కావాలి.

కాలేదు. మూడు అలాగే ఉంది. కాసేపటికి నాలుగైంది.

నా భుజాలు తేలికవుతున్నాయి. ఇన్నాళ్లకు… ఒక్కొక్కటిగా ఎవరో మూటలు దించుతున్నట్టు. తడి గోనెల వాసన నన్ను దాటి ముందుకు పోతోంది.

ముందు పాప నడుస్తోంది. పాపా అని పిలిచాను. అది తల తిప్పలేదు. ఎవరో పక్కన చేరి చోటడిగినట్టు, మర్యాదగా, రోడ్డు వైపు ఒక అడుగు జరిగింది.